మొదటి పుట్టినరోజు ఫోటోషూట్: నిద్ర టైమ్‌కి స్లాట్, 3 డ్రెస్సులు, కేక్ స్మాష్. ఏం మార్చాలి?

గోదారి_గట్టు
పాపకి 10 నెలల 10 రోజులు. పుట్టినరోజు ఆహ్వానం మీద ఫోటో వేయాలి కాబట్టి రెండు వారాల ముందే షూట్ పెట్టుకుంటున్నాం. ఫోటోగ్రాఫర్ ఇంటికే వస్తారు. రాజమండ్రిలో ఫ్లాట్, హాలుకి తూర్పు వైపు పెద్ద కిటికీ ఉంది. ఆయన ఇచ్చిన టైమ్ ఉదయం 10 నుంచి 1. పాప 7కి లేస్తుంది, 10 నుంచి 11 దాకా కునుకు తీస్తుంది, మళ్లీ 2:30కి పడుకుంటుంది. అనుకున్నవి: గౌను, పట్టు పరికిణీ, కృష్ణుడి వేషం, చివర్లో కేక్ స్మాష్ (పాప కేకుని చేతులతో చిదిమి తింటుంటే తీసే ఫోటోలు). కేక్ బేకరీలో అరకేజీ రెడ్ వెల్వెట్ చెప్దామని. ఇంకోటి, 11వ నెల దాటకుండా తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయిస్తున్నాం, అంటే షూట్‌కి 25 రోజుల ముందు. కొత్త మనిషి కనిపిస్తే ఏడుస్తుంది. ఇందులో ఏవి మార్చాలి?

కిటికీ_వెలుగు
స్లాట్ మార్చనక్కర్లేదు, నిద్ర అస్సలు మార్చకండి. ఫోటోగ్రాఫర్ 10కే రానివ్వండి. బ్యాక్‌డ్రాప్ స్టాండ్లు బిగించి, గుడ్డ సర్ది, లైటు చూసుకునేసరికి 45 నిమిషాలు పడుతుంది. ఆ పని పాప బెడ్‌రూమ్‌లో పడుకున్నప్పుడే అయిపోతుంది. స్టాండ్ల చప్పుడుకి లేవకుండా ఆ గది తలుపు వేసి ఫ్యాన్ పెట్టండి. 11కి లేచాక పాలు, కాస్త అన్నం, కొత్త డైపర్. 11:40కి మొదలుపెడితే 12:45కి అయిపోవాలి. అంతకు మించి లాగితే వచ్చేవన్నీ ఏడుపు మొహం ఫోటోలే.

మూడు గంటల స్లాట్ ఉంది కదా అని మూడు గంటలూ తీయాలని చూస్తారు చాలామంది. ఏడాది పిల్లలు కుదురుగా ఉండేది ఒక్కో విడతకి 15, 20 నిమిషాలు. మధ్యలో 10 నిమిషాలు వదిలేయాలి, పాకనివ్వాలి.

పాలమీగడ
నేను ఒప్పుకోను. పిల్లలు పొద్దున లేచిన గంటకి ఉన్నంత హుషారుగా మళ్లీ ఉండరు. 8కి మొదలుపెట్టి 9:30కి ముగించడం మేలు. ఫోటోగ్రాఫర్‌ని 7:15కి రమ్మనండి.

కిటికీ_వెలుగు
@పాలమీగడ హుషారు మాట నిజమే. కానీ వీళ్లది తూర్పు కిటికీ. 8 గంటలకి ఎండ నేరుగా లోపలికి పడుతుంది, గ్రిల్ నీడలు చారలుగా పాప మొహం మీదికి వస్తాయి, కళ్లు చిట్లిస్తుంది. 11:30కల్లా ఎండ కిటికీ దాటిపోయి మెత్తటి వెలుగు మిగులుతుంది. పొద్దున్నే తీయాల్సి వస్తే తెల్ల పంచె ఒక్క మడతగా కిటికీకి అడ్డంగా క్లిప్పులతో కట్టండి. రంగు కర్టెన్ వద్దు, ఆ రంగు చర్మం మీదికి దిగుతుంది.

పాపని కిటికీకి 4, 5 అడుగుల దూరంలో, వెలుగు ఒక పక్క నుంచి పడేలా కూర్చోబెట్టాలి. రెండో పక్క నీడ గట్టిగా ఉంటే అటు ఒక తెల్ల థర్మోకోల్ షీట్ నిలబెట్టండి, చాలు. బ్యాక్‌డ్రాప్ పాప వీపుకి 3, 4 అడుగులు వెనక ఉండాలి. ఆనించి కూర్చోబెడితే గుడ్డ ముడతలన్నీ కనిపిస్తాయి, పాప గుడ్డ పట్టి లాగితే స్టాండ్ మీద పడుతుంది కూడా. స్టాండ్ కాళ్ల మీద ఇసుక సంచులు లేకపోతే 5 కేజీల బియ్యం సంచులు వేయండి.

ట్యూబ్‌లైట్లు, ఎల్‌ఈడీలు ఆపేయమని చెప్పండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా బల్బులు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు గానీ 1/250 సెకనుకి తీస్తే ఫోటోలో అడ్డ చారలు వస్తాయి. పైగా కిటికీ వెలుగు ఒక రంగు, బల్బు వెలుగు ఒక రంగు, మొహం సగం నీలంగా సగం పసుపుగా వస్తుంది.

సూదీదారం
డ్రెస్సుల గురించి. మూడు పెట్టుకున్నారు, ఒక్కో మార్పిడికి తక్కువలో తక్కువ 8, 10 నిమిషాలు. రెండు చేయండి.

పరికిణీ కొత్తగా కుట్టిస్తుంటే ఇవి చెప్పండి:
నడుముకి బొందు వద్దు, అంగుళం వెడల్పు మెత్తటి ఎలాస్టిక్ వేయించండి. బొందు బిగిస్తే పొట్ట మీద ఎర్రగా గీత పడుతుంది, తర్వాత కృష్ణుడి వేషం షాట్లలో అది కనిపిస్తుంది. జరీ అంచు లోపలి వైపు గరుకు. పిల్ల గోక్కుంటూ ఉందంటే కారణం అదే. లోపల మల్‌మల్ లైనింగ్ కింది అంచు దాకా రావాలి, నడుము దగ్గర ఆపేయకూడదు. పొడవు చీలమండకి రెండు అంగుళాలు పైకి. పాకే పిల్ల మోకాలితో అంచు తొక్కి ముందుకి పడుతుంది. జాకెట్ వెనక ప్రెస్ బటన్లు. పిన్నీసు ఎక్కడా వద్దు, కొలత సరిపోకపోతే రెండు కుట్లు వేసేయండి. చంకలో అర అంగుళం వదులు ఉండాలి, లేకపోతే చేతులెత్తి చప్పట్లు కొట్టదు, మీక్కావల్సిన ఫోటోయే రాదు.

వారం ముందు ఒకసారి, మూడు రోజుల ముందు ఒకసారి వేసి 15 నిమిషాలు ఆడుకోనివ్వండి. ఎక్కడ గోక్కుంటుందో చూడండి.

గోదారి_గట్టు
నగలు? వడ్డాణం, కాసులపేర్లాంటి గొలుసు, మువ్వల పట్టీలు ఉన్నాయి.

సూదీదారం
వడ్డాణం లోహంది వద్దు, గుడ్డ మీద కుట్టినది దొరుకుతుంది. కూర్చుంటే లోహం అంచు పొట్టలో గుచ్చుకుంటుంది. గొలుసు పొట్టిదిగా ఉండాలి, ఒక్క షాట్‌కి వేసి వెంటనే తీసేయాలి. పట్టీల మువ్వలు ఒక్కోటీ లాగి చూడండి, ఊడేలా ఉంటే తీసేయండి. మువ్వ నోట్లోకి పోయే సైజు.

బుజ్జాయి_వార్డు
పిల్లల వార్డులో పనిచేస్తాను కాబట్టి ఆరోగ్యం వైపు నుంచి.

షూట్ నాటికి పాపకి ఏడాది నిండదు. కాబట్టి తేనె ఏ రూపంలోనూ వద్దు, కేకులోనూ, నాలిక మీద చుక్కగానూ. తేనెలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా గింజలు ఏడాదిలోపు పిల్లల పేగుల్లో మొలిచి విషం తయారుచేస్తాయి, బొటులిజం అంటారు. వేడిచేసినా అవి చావవు. ఇంట్లో పెద్దవాళ్లకి ముందే చెప్పి ఉంచండి.

గోధుమ, పాలు, గుడ్డు, గింజ పప్పులు... ఏదైనా షూట్ రోజు మొదటిసారి తినిపించకండి. కేకులో వేసేవన్నీ అంతకు ముందే ఒక్కోటి విడివిడిగా, రోజుల తేడాతో పెట్టి చూసి ఉండాలి. దద్దుర్లు సాధారణంగా కొన్ని నిమిషాల్లో మొదలై రెండు గంటల్లోపు కనబడతాయి. పెదవులు వాచినా, వరసగా వాంతులైనా, ఊపిరి కష్టమైనా ఆగకుండా ఆసుపత్రికి.

టీకాలు: 12 నెలలకి హెపటైటిస్ ఎ వేయిస్తుంటే షూట్ అయ్యాకే వస్తుంది, ఇబ్బంది లేదు. 9 నెలల ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) ఆలస్యమై ఇప్పుడు వేయించాల్సి ఉంటే మాత్రం షూట్ కోసం ఆపకండి, తేదీని మార్చుకోండి. ఆ టీకాకి జ్వరం, సన్నటి దద్దు వేసిన వారం నుంచి 12 రోజుల మధ్య రావచ్చు.

కాటుక కళ్లకి పెట్టకండి. కొన్ని కాటుకల్లో, సుర్మాలో సీసం ఉన్నట్టు చాలా పరీక్షల్లో తేలింది. పిల్ల కళ్లు నలుపుకుని ఆ చేయి నోట్లో పెట్టుకుంటుంది.

నానమ్మ_పెట్టె
దిష్టి చుక్క లేకుండా ఫోటోలు తీస్తారా తల్లీ? ఏడాది పిల్ల, పట్టు పరికిణీ, అంత మంది చూస్తారు.

బుజ్జాయి_వార్డు
పెట్టండి అమ్మా, అరికాల్లో పెట్టండి. చేయి అందే బుగ్గ మీద అయితే రెండు నిమిషాల్లో మొహమంతా పులుముకుంటుంది. అరికాల్లో పెట్టి సాక్సు వేస్తే ఇంకా మేలు, కాలు నోట్లో పెట్టుకునే వయసు.

కిటికీ_వెలుగు
బుగ్గ మీద చుక్క ఫోటోల్లో చాలా ముద్దుగా ఉంటుంది, నేనైతే పెట్టమంటాను. చివరి క్షణంలో, పాప స్టూల్ మీద కూర్చున్నాక, ఐబ్రో పెన్సిల్‌తో. వద్దనుకుంటే ఎడిటింగ్‌లో పెట్టొచ్చు.

బెల్లంపాకం
రెడ్ వెల్వెట్ వద్దేవద్దు. మూతి, గడ్డం, చేతులు ఎర్రబడితే ఫోటోలో దెబ్బ తగిలినట్టు ఉంటుంది. చాక్లెట్ అయితే బురద. ముదురు నీలం, నలుపు క్రీములు పళ్లకీ నాలికకీ అంటుకుంటాయి. తెలుపు, లేత గులాబీ, లేత పసుపు. అంతే.

బేకరీ క్రీము చాలావరకు పామ్ నూనె, చక్కెర. వేడికి తట్టుకుంటుంది, ఆకారం బాగా నిలుస్తుంది, అందుకే వాడతారు. ఏడాది పిల్లకి అంత తీపి అవసరం లేదు. ఇంట్లో చేసుకునేది ఇది, 6 అంగుళాల గిన్నెకి:

బాగా మగ్గిన అరటిపళ్లు 2 (మెదిపితే ముప్పావు కప్పు రావాలి), గోధుమపిండి 120 గ్రాములు, పెరుగు పావు కప్పు, కరిగించిన వెన్న 50 గ్రాములు, నానబెట్టి రుబ్బిన ఖర్జూరాలు 4, బేకింగ్ పౌడర్ ఒక చెంచా, వంటసోడా పావు చెంచా. చక్కెర లేదు, గుడ్డు లేదు. 175 డిగ్రీల ఓవెన్‌లో 30 నుంచి 35 నిమిషాలు. ఓవెన్ లేకపోతే పాత కుక్కర్ అడుగున ఉప్పు పోసి, గ్యాస్కెట్, విజిల్ తీసేసి, సన్నటి మంట మీద 40 నుంచి 45 నిమిషాలు. పిండి వేశాక ఎక్కువ కలిపితే రబ్బరులా అవుతుంది, తడి పొడి కలిసిందాకా చాలు.

పై పూతకి: అర లీటరు గట్టి పెరుగు పల్చటి గుడ్డలో కట్టి, జల్లెడలో పెట్టి, కింద గిన్నె ఉంచి రాత్రంతా ఫ్రిజ్‌లో. పొద్దునకి 200 గ్రాముల దాకా ముద్ద మిగులుతుంది. అర చెంచా బీట్‌రూట్ రసం వేస్తే లేత గులాబీ. పల్చగానే పూయండి. మందంగా పూస్తే కారిపోతుంది.

జామపండు
@బెల్లంపాకం కట్టు పెరుగు షూట్‌కి పనికిరాదండీ, ఏసీ లేని హాల్లో అరగంటకి నీరు వదిలేస్తుంది, కేక్ పక్కలు జారుతాయి. క్రీమే నయం. పిల్ల తినేది రెండు వేళ్లంత.

బెల్లంపాకం
నీరు వదిలేది పెరుగు సరిగ్గా వడకట్టనప్పుడు. గుడ్డ పిండితే చుక్క రాకూడదు. షూట్ మొదలయ్యాక ఒకరు వంటింట్లో పూస్తే సరి, పూసిన పావుగంటలో ఫోటోలు తీసేయాలి. రెండు వేళ్లే అంటున్నారు గానీ వెంటనే ఇంకో గుప్పెడు తీసుకుంటారు, కొందరు మొహం పెట్టి తింటారు.

ఇంకో విషయం. కేక్ ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పెడితే చల్లగా గట్టిగా ఉంటుంది, పిల్ల ఒకసారి తాకి చేయి వెనక్కి తీసుకుంటుంది, ఇక ముట్టదు. గంట ముందే బయట పెట్టండి. పాపకి ఎదురుగా ఉన్న అంచు మీరే కొంచెం చిదిమి మెత్తటి లోపలి భాగం కనిపించేలా చేయండి, నున్నటి కేకుని ఎలా పట్టుకోవాలో వాళ్లకి తెలియదు. పైన ముత్యాల్లాంటి చక్కెర గుండ్లు, పుల్లకి గుచ్చిన '1' అంకె, టూత్‌పిక్కులు ఏవీ ఉండకూడదు. కొవ్వొత్తి వెలిగించొద్దు.

వెన్నముద్ద
కృష్ణుడి వేషం ఎలాగూ ఉంది కదా, కేక్ బదులు వెన్నకుండ పెట్టండి. రెండూ ఒకే షాట్‌లో అయిపోతాయి, మూడో డ్రెస్సుతోనే ముగుస్తుంది, నాలుగో గొడవ ఉండదు.

మూతి 5 అంగుళాల వెడల్పున్న చిన్న మట్టికుండ తీసుకోండి. మూతి సన్నగా ఉంటే గుప్పిట మూసిన చేయి లోపల ఇరుక్కుంటుంది, భయపడిపోతుంది. అంచు చుట్టూ వేలు తిప్పి చూడండి, పెచ్చు ఊడిన చోట కోసుకుంటుంది. రాత్రంతా నీళ్లలో నానబెట్టి కడిగితే మట్టి వాసన, దుమ్ము పోతాయి. లోపల ఒక స్టీలు గిన్నె బోర్లించి, పైన రెండంగుళాలు మాత్రం ఉప్పులేని వెన్న, కట్టు పెరుగు సగం సగం కలిపి నింపండి. 250 గ్రాములు చాలు. ఒట్టి వెన్న అయితే వేళ్లకి జిడ్డుగా పట్టుకుని తినదు, పెరుగు కలిస్తే పుల్లపుల్లగా నాకుతుంది.

నెమలి ఈక కాడ అట్ట కిరీటం వెనక్కి వెళ్లేలా కుట్టాలి, ముందుకి ఉంటే కంట్లో గుచ్చుకుంటుంది. మురళి చేతికి ఇస్తే నోట్లో పెట్టుకుంటుంది, ముందుకి పడితే అంగిట్లో దిగుతుంది. కూర్చుని ఉన్నప్పుడే, పక్కన మనిషి ఉండగానే ఇవ్వండి. లేదా నడుముకి కుట్టేయండి.

గోదారి_గట్టు
@వెన్నముద్ద ఈ ఆలోచన ఇంట్లో అందరికీ నచ్చేసింది. గుండు సంగతి ఎవరూ చెప్పలేదు. 25 రోజులకి ఎలా ఉంటుంది? విగ్గు, హెయిర్‌బ్యాండ్ పెట్టమంటున్నారు.

కిటికీ_వెలుగు
జుట్టు నెలకి దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. 25 రోజులకి మఖ్మల్‌లా సన్నటి నూగు వస్తుంది, పక్క వెలుగులో ఎంతో బాగుంటుంది. విగ్గు పెట్టకండి, రెండు నిమిషాలకి పీకేస్తుంది. హెయిర్‌బ్యాండ్ గుండు మీద జారుతుంది, బిగిస్తే నుదుటి మీద ఎర్రటి గీత అరగంట దాకా పోదు. పెట్టాలంటే ఆఖరి షాట్లలో. పాప తల మీద నూనె రాయకండి, కిటికీ వెలుగంతా అక్కడే మెరుస్తుంది.

నానమ్మ_పెట్టె
గుండుని దాచాలని ఎందుకు? ఏడుకొండలవాడికి ఇచ్చిన తలనీలాలు. ఆ ఫోటో ఆల్బమ్‌లో ఉండాలి.

పాలమీగడ
కొండకి వెళ్లే ముందు రోజు జుట్టుతో పది ఫోటోలు ఫోన్‌లో తీసుకోండి, వెనక నుంచి, పక్క నుంచి కూడా. ఆ కురులు మళ్లీ అలా రావు. చెవులు కుట్టించడం కూడా అప్పుడే అనుకుంటే షూట్ అయ్యాక పెట్టుకోండి, పచ్చి చెవికి ఎవరి చేయి తగిలినా ఏడుపే.

బుజ్జాయి_వార్డు
అవును, గుండుకి పెట్టిన గంధం కూడా ఎండాక పొట్టులా రాలి పట్టు మీద పసుపు మరక అవుతుంది. షూట్ రోజు మళ్లీ రాయకండి. గోళ్లు రెండు రోజుల ముందు కత్తిరించండి. అదే రోజు కత్తిరిస్తే అంచు పదునుగా ఉండి మొహం గీరుకుంటుంది.

చొంగ కారే వయసు కాబట్టి మెత్తటి నూలు గుడ్డలు ఆరేడు పక్కన పెట్టుకోండి. తుడవకూడదు, అద్దాలి. తుడిస్తే గడ్డం ఎర్రబడుతుంది. డ్రెస్ వేశాక ఫోటోకి పిలిచేదాకా బిబ్ తీయకండి.

న్యూజెర్సీ_నాన్న
ఇక్కడ స్టూడియోలో తీసేవాళ్లు పాటించే పద్ధతి ఒకటి బాగుంటుంది. ఫోటోగ్రాఫర్ మొదటి పావుగంట కెమెరా ఎత్తడు. నేల మీద కూర్చుని అమ్మతో మాట్లాడతాడు, పాప వైపు చూడడు. పాపే వచ్చి కెమెరా పట్టీ పట్టుకుంటుంది. 9 నెలల నుంచి ఏడాదిన్నర దాకా కొత్తవాళ్ల భయం బాగా ఉంటుంది, దానికి ఇదే మందు. మీ ఫోటోగ్రాఫర్ మాస్కు, టోపీ, గాగుల్స్ లేకుండా రావాలని చెప్పండి.

గోదారి_గట్టు
అమ్మమ్మ, నానమ్మ, ఇద్దరు మేనత్తలు, నేను. కెమెరా వైపు చూడమని పిలవడానికి అందరం ఉంటాం.

కిటికీ_వెలుగు
వద్దు, ఒక్కరే ఉండాలి. నలుగురు నాలుగు వైపుల నుంచి పిలిస్తే పాప కళ్లు ఎటో ఉంటాయి, రెండు నిమిషాల్లో బెదిరిపోతుంది. రోజూ అన్నం తినిపించే మనిషి ఎవరో ఆవిడ ఫోటోగ్రాఫర్ వెనక, తల కెమెరాకి సరిగ్గా పైన ఉండేలా నిలబడాలి. కొంగుతో మొహం కప్పి తీసి 'ఏదీ... ఇదిగో' అంటే చాలు. మొహం తీసిన మరుక్షణం నవ్వు వస్తుంది, ఫోటోగ్రాఫర్ వేలు అప్పటికే బటన్ మీద ఉండాలి. మిగతావాళ్లు వంటింట్లో. ఫోన్‌లో పాటలు చూపించకండి, చూపు తెర మీదికి దిగి మొహం గడ్డకడుతుంది. అది తీసేస్తే ఏడుపు.

కొత్త బొమ్మ ఒకటి దాచి ఉంచండి, కీచుమనేది. దాన్ని సగం షూట్ అయ్యాకే బయటికి తీయాలి.

పాలమీగడ
పట్టు ముందా, గౌను ముందా?

సూదీదారం
పట్టు ముందు. శుభ్రంగా, ఓపికగా ఉన్నప్పుడే.

కిటికీ_వెలుగు
నా మాట గౌను ముందు, పది నిమిషాలు. ఒంటికి అలవాటైన నూలు గౌనులో మనిషికి, కెమెరాకి అలవాటు పడుతుంది. ఆ తర్వాత పట్టు 20 నిమిషాలు, కుటుంబం ఫోటోలు ఆ డ్రెస్సులోనే. వెన్నకుండ ఆఖరికి, దాని తర్వాత ఏదీ ఉండకూడదు. మధ్యలో వెన్న తగిలితే పట్టు పాడైపోయినట్టే.

సూదీదారం
సరే, కొత్తవాళ్లంటే భయపడే పిల్ల కాబట్టి గౌను ముందు అన్నదానికి ఒప్పుకుంటాను.

జామపండు
బెలూన్లు, పూలు?

బుజ్జాయి_వార్డు
పగిలిన బెలూన్ ముక్క గొంతుకి అడ్డం పడితే తీయడం చాలా కష్టం. పాపకి అందనంత దూరంలో, వెనక గోడకి కట్టండి, పగిలితే వెంటనే ముక్కలు ఏరండి. గ్యాస్ బెలూన్లలో మన దగ్గర చాలాచోట్ల హైడ్రోజన్ నింపుతారు, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. సీరియల్ లైట్లలో గుండీ బ్యాటరీ ఉంటే అసలు ఇంట్లోకే తేవద్దు. మింగితే రెండు గంటల్లో అన్నవాహిక కాలిపోతుంది. పూలలో గన్నేరు, పచ్చగన్నేరు వద్దు, విషం. బంతి రేకులైనా నోట్లో పెట్టుకోకుండా చూడాలి.

జామపండు
వెదురుబుట్టలో కూర్చోబెట్టే షాట్ ఉంటే అడుగున రెండు ఇటుకలు పెట్టి పైన దుప్పటి మడత వేయండి. అంచు పట్టుకుని లేస్తే బుట్ట బోర్లా పడుతుంది.

గోదారి_గట్టు
సరే, ఇలా మార్చాను. 10కి ఫోటోగ్రాఫర్, 11కి పాప లేస్తుంది, 11:20కి తిండి, 11:40 గౌను, 11:50 విరామం, 12 పట్టు, 12:20 మళ్లీ విరామం, 12:30 వెన్నకుండ. కృష్ణుడికి కాటుక లేదు, మురళి నడుముకి. కింద వినైల్ షీట్ పరుస్తున్నాం.

వెన్నముద్ద
వినైల్ మీద వెన్న పడితే అద్దంలా జారుతుంది. షీట్ కింద రబ్బరు మ్యాట్, నాలుగు వైపులా టేప్. పాప లేచి నిలబడాలని చూస్తే పట్టుకోవడానికి ఒకరు చేయి దూరంలో, ఫ్రేముకి బయట. అయ్యాక ఎత్తుకునేటప్పుడు చంకల కింద టవల్ వేసి ఎత్తండి, జిడ్డు ఒంటితో చేతుల్లోంచి జారుతుంది. బాత్రూమ్‌లో గోరువెచ్చటి నీళ్లు ముందే పట్టి ఉంచండి, మోచేయి పెట్టి చూస్తే వేడి తెలుస్తుంది.

న్యూజెర్సీ_నాన్న
ఒంటి మీద బట్ట లేని ఫోటోలు, స్నానం ఫోటోలు తన పేజీలో పెట్టకూడదని ఫోటోగ్రాఫర్‌కి ముందే రాతలో చెప్పండి. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే.

కిటికీ_వెలుగు
ఆహ్వానం కార్డు నిలువుగా ఉంటే ఆ సంగతి షూట్ ముందే చెప్పండి, పాప తల పైన మూడో వంతు ఖాళీ వదిలి ఐదారు ఫోటోలు తీస్తారు. అక్షరాలు అక్కడ పడతాయి. చెప్పకపోతే అన్నీ దగ్గరగా తీసేసి, తర్వాత పేరు పాప నుదుటి మీద రాయాల్సి వస్తుంది. ఫైళ్లు వాట్సాప్‌లో మామూలు ఫోటోగా తీసుకోకండి, సైజు నలిగిపోతుంది. 12×18 అంగుళాల ప్రింటు బాగా రావాలంటే 3600×5400 పిక్సెళ్లు కావాలి. పెన్‌డ్రైవ్‌లో ఒరిజినల్స్ అడగండి.

గోదారి_గట్టు
కార్డు నిలువుదే. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను, పట్టు పరికిణీలో ఆ ఖాళీ వదిలి తీస్తామన్నారు. కుండ కోసం రేపు కుమ్మరి వీధికి వెళ్తున్నాం, 5 అంగుళాల మూతి.

వెన్నముద్ద
రెండు తెచ్చుకోండి. ఒకటి నానబెట్టేటప్పుడే పగలొచ్చు.